చిరిగిన మూల

బఠాణీకాయలు సగం గిన్నె ఒలిచేసరికి బాల్కనీలోకి ఎండ వచ్చింది. జానకి పీట వెనక్కి జరుపుకుని, వీపు ఎండకు పెట్టి మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. ముచ్చిక తుంచి, నార లాగి, బొటనవేలితో కాయ మధ్యలో నొక్కితే గింజలు టపటపా గిన్నెలో రాలుతున్నాయి. పక్కన లలితకుమారి చీరమీద స్వెట్టరు వేసుకుని, సాక్సులు తొడిగిన కాళ్ళు చాపుకుని, అంతకు రెట్టింపు వేగంతో ఒలుస్తోంది. ఆవిడ చేతుల పని చేతులది, నోటి పని నోటిది. పై అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళ కుక్క సంగతీ, కూతురు నేహా పదో తరగతి పరీక్షల సంగతీ, ఈ ఊళ్ళో లేత పొట్లకాయ దొరకని సంగతీ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. జానకి ఊఁ కొడుతోంది.

జానకి ఆ ఇంటి పిల్ల కాదు. లలితకుమారి భర్త వీరరాఘవులు దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఆదివారం పూట ఢిల్లీ మునిర్కాలో తన గదికి తాళం వేసి, రెండుచోట్ల మెట్రో మారి వైశాలిలో ఈ ఇంటికి వస్తుంది. వచ్చి కూరలు తరుగుతుంది, నేహాకు లెక్కలు చెబుతుంది, భోజనం చేసి సాయంత్రం వెళుతుంది. చేరిన ఏడాదే లలితకుమారి అలా అలవాటు చేసింది. ఇంతదూరం వచ్చిన పిల్ల ఆదివారం కూడా ఆ రాజ్మా చావల్ తింటుందా అని భర్తను కసిరి పిలిపించింది.

వీరరాఘవులు టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇంట్లో ఆయన జానకిని అమ్మాయ్ అంటాడు, తెలుగులో మాట్లాడతాడు. ల్యాబులో ఇద్దరే ఉన్నా సరే ఇంగ్లీషే. పొగమంచు బాగా పట్టిన రోజుల్లో మునిర్కా బస్టాపు దగ్గర ఆమెను కారులో ఎక్కించుకుంటాడు, కానీ సంస్థ గేటు దాకా తీసుకుపోడు. ఇవతలే జ్యూసు బండి దగ్గర దింపేస్తాడు. అక్కడినుంచి ఆమె నడిచి వస్తుంది. ఎందుకని ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

"పేపర్ ఈ వారంలో జర్నల్‌కు పంపించేద్దాం అమ్మాయ్," అన్నాడు. "నవదీప్ పేరు ముందు పెడుతున్నా. నీది రెండోది."

జానకి చేతిలో కాయను విప్పింది. లోపల పురుగు తొలిచిన గింజ ఒకటి ఉంది. దాన్ని గోటితో తీసి తొక్కల్లో వేసింది.

"డివైసులన్నీ నేను చేసినవే గదా సార్."

"కాదన్నానా? చేసింది నువ్వే. వోల్టేజి ఎక్కడ నిలబెట్టాలో చెప్పిందీ నువ్వే." ఆయన టీ ఊదుకుని తాగాడు. "నువ్వు మనమ్మాయివి. ఆదివారం మా ఇంట్లో అన్నం తింటావని అందరికీ తెలుసు. నీ పేరు ముందు పెట్టాననుకో, ఏమంటారు? ఇది తెలుగువాళ్ళ దుకాణం అంటారు. ఒకసారి అనిపించుకున్నా. మళ్ళీ ఆ మాట పడలేను."

"మరి అంత భయమైతే పిల్లని రావద్దని చెప్పండి. అప్పుడు ముందు పెట్టొచ్చేమో," అంది లలితకుమారి, కాయల మీదనుంచి తల ఎత్తకుండానే.

ఆయన నవ్వాడు. నీకు తెలీదులే అన్నాడు. ఒక్క చిప్ మీద వచ్చిందంటే ఎవరూ నమ్మరనీ, ఇంకో చిప్ చేసి అదే ఫలితం చూపిస్తే బలంగా ఉంటుందనీ, రేపే మొదలుపెట్టమనీ చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

సంస్థలో ఒక నియమం ఉంది. తన పేరు మొదట ఉన్న పేపర్ ఒక్కటైనా అచ్చుకు పోకపోతే థీసిస్ తీసుకోరు. జానకికి హోలీ నాటికి ఫెలోషిప్ అయిపోతుంది. ఇవి రెండూ వీరరాఘవులుకు తెలుసు. తరవాతి పేపర్ నీదేలే, ఎక్స్‌టెన్షన్ రాయించే పూచీ నాది అని భోజనాల దగ్గర ఆయనే మళ్ళీ అన్నాడు. ఎక్స్‌టెన్షన్ రాసి పంపినవాళ్ళకు డబ్బు ఎప్పుడు వచ్చిందో, అసలు వచ్చిందో లేదో జానకి చూస్తూనే ఉంది. ఆమె మజ్జిగ పోసుకుని తినేసి లేచింది. నేహా లెక్కల పుస్తకం తెచ్చి, దీదీ యే వాలా సమఝ్ నహీఁ ఆయా, ఇది అర్థం కాలేదు అని పక్కన కూర్చుంది. ఆ లెక్క చెప్పి, ఆ తరవాతిదీ చెప్పి, చీకటి పడకముందే బయల్దేరింది.

*

సోమవారం ల్యాబు తెరిచింది జానకే. హీటరు పెట్టి, గ్లవ్స్ వేసుకుని, రాత్రంతా ద్రావణంలో నానిన రాగి రేకు ఉన్న గిన్నెను బయటికి తీసింది. రాగి మొత్తం కరిగిపోయింది. దాని మీద పెరిగిన గ్రాఫీన్ మాత్రం, పైన పూసిన ప్లాస్టిక్ పూతతో సహా నీళ్ళ మీద తేలుతోంది. వెలుతురు ఒక పక్కనుంచి పడితేనే కనిపిస్తుంది, పాల మీద మొదటిసారి కట్టే మీగడలాగా. గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర. దాన్ని చేత్తో పట్టుకోవడం కుదరదు. నీళ్ళ కిందనుంచి సిలికాన్ పలకను వాలుగా పైకి తెచ్చి, పొర తనంతట తాను దానిమీదికి ఎక్కేలా ఎత్తుకోవాలి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ముడత పడిందా, పని మళ్ళీ మొదటికి వచ్చినట్టే. మొదటి ఏడాది జానకి ఎత్తినవన్నీ ముడతలే. ఇప్పుడు ఈ పని ల్యాబులో ఆమె తప్ప ఎవరూ చెయ్యరు.

ఆ పలక మీద ముందే సన్నని లోహపు గీతలు గీయించి ఉన్నాయి. ఆ గీతల మధ్య ఖాళీల్లో గ్రాఫీన్ పరుచుకుంటే ఒక్కో ఖాళీ ఒక్కో డివైస్ అవుతుంది. చేయబోయే పని చెప్పుకోవడానికి తేలికే. గాలిలో వచ్చే సిగ్నల్ సెకనుకు వందల కోట్లసార్లు ఊగుతుంది. అంత వేగాన్ని నేరుగా అందుకోవడం కష్టం. ఇంచుమించు అంతే వేగంతో ఊగే ఇంకో సిగ్నల్‌ని దానితో కలిపితే, రెండింటికీ ఉన్న తేడా ఎంతో అంత వేగంతో మూడోది పుడుతుంది. అది నిదానంగా ఉంటుంది కాబట్టి చేతికి అందుతుంది. కలిపే పని చేసేదాన్ని మిక్సర్ అంటారు. ప్రతి ఫోనులోనూ ఉంటుంది. లలితకుమారి ఒకసారి మిక్సర్ అంటే మిక్సీ లాంటిదేనా అని అడిగితే, జానకి ఆలోచించి, అలాంటిదే ఆంటీ, ఏం వేశామో దాన్ని కాక ఇంకోదాన్ని తీసుకుంటాం అంది.

గ్రాఫీన్‌కు ఒక గుణం ఉంది. డివైస్‌లో కరెంటును అదుపు చేసే కొసను గేటు అంటారు. దానికి ఇచ్చే వోల్టేజిని ప్లస్ వైపు పెంచినా, మైనస్ వైపు పెంచినా కరెంటు పెరుగుతుంది. గీత గీస్తే లోయలా వస్తుంది. సరిగ్గా ఆ లోయ అడుగున నిలబెట్టి రెండు సిగ్నళ్ళూ ఇస్తే ఒక్క డివైస్ సరిపోతుంది, చుట్టూ ఇంకేమీ అక్కర్లేదు. ఆ అడుగు గాలిలో తేమను బట్టి, కాలాన్ని బట్టి, ఒక్కోసారి ఉదయానికీ సాయంత్రానికీ జరుగుతూ ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడం జానకి నేర్చుకుంది.

పలకను నీళ్ళలోకి వాలుగా దించి, పొర అంచును దానికి తగిలించింది. మెల్లగా ఎత్తుతోంది. నిన్నటి మాట గుర్తొచ్చింది. నువ్వు మనమ్మాయివి. ఆమె చెయ్యి కొంచెం తొందరపడింది, అంతే. పొర ఒక మూల మడత పడి, మడత చిరిగింది. మిగతాదంతా సాపుగా వచ్చింది. ఆమె దాన్ని కాసేపు వెలుతురుకు పట్టి చూసి, పారెయ్యక, నిలువుగా ఆరబెట్టింది. ఒక మూల పోయినా మిగతా డివైసులు చాలు.

నవదీప్ వచ్చేసరికి పదకొండయింది. పటియాలా కుర్రాడు, చేరడం జానకి తరవాతే. రసాయనాల దగ్గర ఓపిక లేదు గానీ కొలిచే యంత్రాల దగ్గర కూర్చున్నాడంటే లేవడు. పేర్ల వరస సంగతి అతనికి శుక్రవారమే తెలుసునట. తాను అడగలేదనీ, సర్ తనంతట తానే చెప్పారనీ, నోయిడాలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచిందనీ, ఈ పేపర్ చూపిస్తే ఉద్యోగం వచ్చేలా ఉందనీ హిందీలో గబగబా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె మొహం వైపు కాక ఆరుతున్న పలక వైపు చూశాడు.

"బురా మత్ మాన్‌నా, యార్," అన్నాడు చివరకు, ఏమీ అనుకోవద్దన్నట్టు.

జానకి ఏం లేదులే అంది. అతని మీద ఆమెకు కోపం రాలేదు. రావాలని ఒకటి రెండుసార్లు ప్రయత్నించి చూసింది.

*

మంగళవారం ప్లాస్టిక్ పూత కడిగేసి, అక్కర్లేనిచోట గ్రాఫీన్‌ను కాల్చేసి చిప్ సిద్ధం చేసింది. బుధవారం నవదీప్ ఇంటర్వ్యూకి నోయిడా వెళ్ళాడు. కొలతలు నువ్వే తీసి పెట్టు, సెట్టింగులన్నీ నేను ఉంచినట్టే ఉన్నాయి, ఏదీ కదపకు అని పొద్దున్నే మెసేజీ పంపాడు.

కొలిచే గది చిన్నది. మధ్యలో మైక్రోస్కోప్, దానికింద చిప్ పెట్టే బల్ల, చుట్టూ జుట్టంత సన్నని మొన ఉన్న ప్రోబ్‌లు. జానకి ట్వీజరుతో చిప్‌ను తీసి బల్ల మీద పెట్టింది. ప్రోబ్‌లను ఒక్కొక్కటే దించింది. మొన లోహానికి తగిలినప్పుడు కొంచెం ముందుకు జారుతుంది, ఆ జారడం కనబడితే తగిలినట్టు. రెండు సిగ్నళ్ళూ ఇచ్చి అనలైజర్ వైపు చూసింది. ఏ వేగంలో ఎంత బలం ఉందో గీత గీసి చూపించే యంత్రం అది. తెర మీద ఉండవలసినచోట, నవదీప్ పాత చిప్ మీద చూసినంత ఎత్తునే, మూడో సిగ్నల్ తాలూకు పీక్ సన్నని శిఖరంలా నిలబడి ఉంది.

ఆమె హాయిగా వెనక్కి వాలింది. రెండో చిప్ మీద కూడా వచ్చింది. పేర్లు ఏ వరసలో ఉన్నా ఈ పీక్ తన చేతి పని. తెరను కాసేపు అలా చూసింది. తరవాత పేపర్లో పెట్టడానికి డివైస్ ఫోటో తీద్దామని మైక్రోస్కోప్‌లో బొమ్మ పెద్దది చేసింది.

ప్రోబ్‌ల కింద ఏమీ లేదు.

లోహపు గీతల మధ్య గ్రాఫీన్ ఉంటే పల్చటి నీడలాగా కనబడుతుంది. అక్కడ నీడ లేదు, ఖాళీ పలక మాత్రమే ఉంది. పక్కనే మడత, మడత చివర చిరుగు. సోమవారం తన చేతిలో పోయిన మూల అది. ఇందాక తానే చిప్‌ను బల్ల మీద అటుదిటుగా పెట్టేసింది. మొదటి వరస అనుకుని చివరి వరస మీద ప్రోబ్‌లు దించిందన్నమాట.

గేటు వోల్టేజి మార్చి చూసింది. కరెంటు సున్నా. ఆ చివరకూ ఈ చివరకూ కలిపేది ఏదీ లేదు. అయినా పీక్ అలాగే ఉంది. సిగ్నళ్ళు ఆపితే పోయింది, ఇస్తే వచ్చింది. కలిపేది లేకుండా ఏది కలుపుతోంది?

అనలైజర్ ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫ్యాను వైపే చూస్తూ ఉండగా ఆమెకు తట్టింది. ఈ యంత్రం లోపల కూడా ఒక మిక్సర్ ఉంది. అది లేకుండా అనలైజర్ లేదు. మామూలుగా అయితే బలమైన సిగ్నల్ దాన్ని ముంచెయ్యకుండా ముందు ఒక అడ్డు ఉంటుంది, అటెన్యుయేషన్ అంటారు. బలహీనమైన పీక్ కూడా బాగా కనబడాలని నవదీప్ ఆ అడ్డును సున్నా చేసి పెట్టాడు. రెండు బలమైన సిగ్నళ్ళూ డివైస్ అంచులనుంచి కారి నేరుగా లోపలికి పోతున్నాయి. కలుపుతున్నది గ్రాఫీన్ కాదు, అనలైజరే. తాను పుట్టించినదాన్ని తానే చూపిస్తోంది.

తేల్చడానికి ఒకే మార్గం ఉంది. బయటినుంచి వచ్చిన పీక్ అయితే అడ్డు పెంచినా తెర మీద ఎత్తు మారదు, యంత్రం లెక్కగట్టి సరిచేసుకుంటుంది. లోపల పుట్టినదైతే కుంగుతుంది. జానకి అడ్డు ఒక మెట్టు పెంచింది. పీక్ కుంగింది. ఇంకో మెట్టు పెంచింది. అడుగున గడ్డిపోచల్లా కదిలే నాయిస్‌లో కలిసిపోయింది.

చిప్ తీసి, సరిగ్గా తిప్పి పెట్టి, గ్రాఫీన్ ఉన్న డివైస్ మీద మళ్ళీ దించింది. పెద్ద పీక్ వచ్చింది. అడ్డు పెంచితే కుంగింది. కానీ మొత్తం పోలేదు. నాయిస్ పైన చిన్న మొలకలాంటిది ఒకటి మిగిలింది. ఎంత పెంచినా అది కదల్లేదు. వోల్టేజి లోయ అడుగునుంచి పక్కకు జరిపితే తగ్గింది, మళ్ళీ తెస్తే వచ్చింది. గ్రాఫీన్ కలిపింది అదీ. నవదీప్ వాడిన పాత చిప్ పెట్టి చూసింది. దాని మీదా అంతే.

ఆమె మొదట అనుకున్నది తన థీసిస్ గురించి కాదు, గ్రాఫీన్ గురించి కూడా కాదు. నవదీప్ పేరు ముందు రాదు అనుకుంది. అలా అనుకున్నట్టు తనకే తెలిసి, లేచి ప్రోబ్‌లు ఒక్కొక్కటే పైకెత్తి, యంత్రాలు ఆపేసింది.

*

సర్‌కు చెబితే ఏమనుకుంటాడో ఆమెకు తెలుసు. ఆదివారం పేరు రెండోదంటే బుధవారానికి తప్పు పట్టుకొచ్చింది అనుకుంటాడు. పైకి అనడు. ఆ అనకపోవడమే ఎక్కువ కాలం ఉంటుంది. గురువారం నవదీప్ రాగానే, టీ కూడా తాగనివ్వకుండా కొలిచే గదికి తీసుకుపోయింది. చిరిగిన మూల మీద ప్రోబ్‌లు దించి, తెర చూపించి, పక్కకు జరిగింది.

అతను మైక్రోస్కోప్‌లో చూశాడు. తెర చూశాడు. అటెన్యుయేషన్ తానే పెంచాడు, తగ్గించాడు, మళ్ళీ పెంచాడు. కుర్చీలో కూర్చుని మెడలో మఫ్లరు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మేరీ గల్తీ హై," అన్నాడు, తప్పు తనదేనని.

ఇద్దరిదీ అంది జానకి. ఖాళీ డివైస్ మీద ఒకసారి కొలిచి చూడాలని తనకూ తోచలేదు. మొదటిసారి పీక్ వచ్చిన రోజు ల్యాబంతా జిలేబీ తిన్నారు. జిలేబీ తిన్నాక ఖాళీ డివైస్ ఎవరు కొలుస్తారు?

సర్ దగ్గరికి కలిసి వెళ్దామంది. నవదీప్ వద్దన్నాడు. నువ్వు వస్తే కుళ్ళుతో నాచేత చెప్పించావంటారు, సెట్టింగు నాది, చెప్పాల్సిందీ నేనే అని మఫ్లరు చుట్టుకుని వెళ్ళాడు. గది తలుపుకున్న గాజులోంచి వీరరాఘవులు కనబడుతున్నాడు. మొదట కాగితం మీద ఏదో రాస్తూ విన్నాడు. తరవాత రాయడం ఆపాడు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. ఆ మనిషి అంత అలసిపోయినట్టు కనబడటం జానకి ఎన్నడూ చూడలేదు.

నవదీప్ బయటికి వచ్చి చెప్పాడు. ఈ నెలాఖర్లో ప్రాజెక్టు సమీక్ష ఉంది. ఈ పీక్ అంకె ముందే డబ్బిచ్చే పెద్దలకు చూపించేశారు, ఇప్పుడు కాదంటే ప్రాజెక్టు ఆగుతుంది. కొంతైనా నిజం ఉంది కదా, పంపేద్దాం, అచ్చుకు ముందు ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం అన్నారట.

"మరి నువ్వేమన్నావు?"

"నా పేరు తీసెయ్యమన్నాను." అతను చిన్నగా నవ్వాడు. ఆ కంపెనీలో వాళ్ళ పనే ఇది, చేరిన మొదటి వారంలోనే ఎవడో ఒకడు ఆ అటెన్యుయేషన్ మీట నొక్కి చూస్తాడు, అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను అన్నాడు. తరవాత ఆమెను అడిగాడు, నువ్వేం చేస్తావని. నన్నెవరూ ఏమీ అడగలేదు అంది జానకి. నిజమే, ఆ రోజూ ఆ మర్నాడూ వీరరాఘవులు ఆమెను పలకరించలేదు. వరండాలో ఎదురైతే తల ఊపాడు.

శనివారం సాయంత్రం లలితకుమారి ఫోను చేసింది. రేపు పెందలాడే రమ్మంది, సార్ ప్రత్యేకంగా చెప్పమన్నారంది. ఆవిడ గొంతులో సంతోషం ఉంది.

*

ఆదివారం ఆ ఇంట్లో పూర్ణాల వాసన వేస్తోంది. నేహా తలుపు తీసి, దీదీ, ఆజ్ కుఛ్ స్పెషల్ హై క్యా, పొద్దుటినుంచి మమ్మీ కిచెన్లోనే ఉంది అని నవ్వి తన గదిలోకి పోయింది. జానకి షూ విప్పి గోడవారగా పెట్టింది. వంటింట్లోకి వెళ్ళబోతుంటే వీరరాఘవులు, ఇటు రామ్మా, ముందు ఇది చూడు అని డైనింగ్ టేబుల్ దగ్గరికి పిలిచాడు. కుర్చీ తానే లాగాడు. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

పేపర్ మొదటి పుట. పైన శీర్షిక. దాని కింద జానకి పేరు, తరవాత ఆయన పేరు. ఇంకెవరిదీ లేదు.

ఆమె పేరు అచ్చక్షరాల్లో బాగుంది. ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంది. పదో తరగతి సర్టిఫికెట్లో వాళ్ళ ఊరి హెడ్‌మాస్టరు తప్పు రాసిన ఇంటిపేరును ఆయన గుర్తుపెట్టుకుని సరిగ్గా రాశాడు. ఆ పుటను ఆమె చాలాసేపు చూసింది. చూడాలనిపించింది కాబట్టి చూసింది.

"ఇప్పుడెవరూ ఏమీ అనరు," అన్నాడు వీరరాఘవులు. "నవదీప్ తనంతట తాను తప్పుకున్నాడు. నేను తీసింది కాదు. నీ పేరు ముందొస్తే నీ థీసిస్ అయిపోద్ది. ఎక్స్‌టెన్షన్ గొడవే ఉండదు."

"ఆ పీక్ అనలైజర్‌ది సార్."

"అంతా కాదుగా. గ్రాఫీన్‌ది కొంత ఉంది. చూసింది నువ్వే."

"ఉంది. నాయిస్ పైన కొంచెం."

"ఆ కొంచెమే మన పని. అంకె సంగతి రివిజన్‌లో సరిచేద్దాం."

"ఇప్పుడు పోయేది పెద్ద అంకే గదా సార్."

ఆయన టేబుల్ మీద చెయ్యి పెట్టి, గుడ్డ అంచును వేలితో సాపు చేశాడు. ఇంటర్నెట్‌లో ఇలాంటి పేపర్లు ఎన్ని ఉన్నాయో, ఎవరెవరు ఎంతెంత కలిపి రాశారో చెప్పాడు. ప్రాజెక్టు ఆగితే కిందివాళ్ళ జీతాలు ఆగుతాయన్నాడు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. ఆ మనిషి చెబుతున్నంతసేపు ఒకసారైనా గొంతు పెంచలేదు.

"బయటివాడు, వాడి దారి వాడు చూసుకున్నాడు," అన్నాడు చివరకు. "నువ్వు మనమ్మాయివి. నువ్వు కూడా అట్లా అంటే ఎట్లా చెప్పు?"

జానకి ఆయన వైపు చూసింది. పోయిన ఆదివారం బాల్కనీలో ఇదే గొంతుతో ఇదే మాట అన్నాడు. అది ఆయనకు గుర్తున్నట్టు లేదు.

లోపల గదిలో ఆయన ఫోను మోగింది. ఒక్కసారి చదువు, తప్పులుంటే దిద్దు, భోజనం చేసి పంపేద్దాం అని భుజం తట్టి లేచి వెళ్ళాడు. తలుపు అవతల హిందీలో, జీ సర్, బిల్కుల్ సర్, తయ్యార్ హై సర్ అంటున్నాడు.

వంటింట్లో నూనె చిటపటలాడింది. "నీకని నెయ్యి ఎక్కువ పోశానమ్మాయ్, వద్దంటే వినను," అని లలితకుమారి లోపలినుంచే అంది. అంత పేపర్లో మొదటి పేరు వచ్చిందంటే ఊళ్ళో మీ నాన్నకు ఫోను చేసి చెప్పావా లేదా అని కూడా అడిగింది.

జానకి పేపర్ మొదటినుంచి చివరిదాకా చదివింది. ఒకచోట వాక్యంలో ఒకే మాట రెండుసార్లు పడి ఉంటే ఒకటి తీసింది. బొమ్మ కింద వోల్టేజి తప్పుగా ఉంటే దిద్దింది. తరవాత పైకి వచ్చి తన పేరు చివర కర్సర్ పెట్టింది. ఒక్కో అక్షరమే చెరిపింది. ముందు ఇంటిపేరు పోయింది, తరవాత పేరు, తరవాత దాని వెనకున్న కామా. శీర్షిక కింద వీరరాఘవులు పేరు ఒక్కటే మిగిలింది. దాన్ని మధ్యకు జరిపి, సేవ్ చేసి, ల్యాప్‌టాప్‌ను ఆయన కుర్చీ వైపు తిప్పిపెట్టింది.

శాలువా కప్పుకుంది. గోడవారన షూ తీసుకుని, గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి ఒకటి, తరవాత రెండోది వేసుకుని, లేసులు ముడివేసింది. అప్పడాలు వేయించనా, వడియాలు వేయించనా అని లలితకుమారి అడుగుతోంది. జవాబు రాకపోయేసరికి మళ్ళీ అడిగింది. జానకి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి మెట్లు దిగింది.